జెడ్ లోతు తప్పుతోంది: 441 చుక్కల్లో మొదటిది 3 మి.మీ., చివరిది 5.7

పీటల_కిట్టు
వారం నుంచి ఇదే గోల. బెంగళూరు కగ్గదాసపురలో అద్దె ఇల్లు, కింద బండి పెట్టే చోట నా సొంత సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క చెక్కే మెషిన్. అల్యూమినియం ప్రొఫైల్ ఫ్రేము, మూడు యాక్సిస్‌లకూ (ఎక్స్, వై అడ్డం నిలువు, జెడ్ పైకీ కిందికీ) 1605 బాల్ స్క్రూ, నెమా 23 మోటార్లు, చవకలో దొరికిన నల్ల డబ్బా మోటారు డ్రైవర్లు మూడు, బిట్ తిప్పే 800 వాట్ల స్పిండిల్. పీసీ ఎస్పీ రోడ్డులో కొన్న పాత కోర్ టూ డుయో. ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్ల సాకెట్) మదర్‌బోర్డు మీదే ఉంది. డెబియన్ 12, మెషిన్ నడిపేది లైనక్స్‌సీఎన్‌సీ 2.9.

మా చిన్నాన్న కూతురి పెళ్ళికి రెండు పీటలు చేసిస్తానని నోరు జారాను. మామిడి చెక్క, 25 మి.మీ. మందం. దాని మీద 21 చుక్కలు 21 వరుసల ముగ్గు. ప్రతి చుక్కలో 3 మి.మీ. ఇత్తడి కడ్డీ ముక్క కూర్చుంటుంది. ముక్క పొడవు కూడా 3 మి.మీ.యే, అంటే లోతు కచ్చితంగా 3 ఉండాలి. జీ81 సైకిల్‌తో (ఒకే ఊపున దిగి ఎక్కే డ్రిల్లింగ్ కమాండ్) కొట్టించాను. మొదటి వరుస బాగుంది. పోనుపోను ముక్కలు లోపలికి మునిగిపోతున్నాయి. చివరి చుక్క లోతు కొలిస్తే 5.7. ఎక్స్, వై మాత్రం అద్దంలా ఉన్నాయి. ఒక పీట పోయింది. రెండోది మొదలుపెట్టాలంటే చేతులు రావట్లేదు. పెళ్ళికి పద్దెనిమిది రోజులే ఉంది.

రంపంపొడి
బిట్ కలెట్‌లోంచి (దాన్ని పట్టుకునే బిగింపు) కిందికి జారుతోంది. స్పైరల్ ఎండ్ మిల్ అయితే చెక్క దాన్ని లాగేస్తుంది. నాకు ఈఆర్11 కలెట్‌లో రెండుసార్లు అయింది. నట్టు బిగించే ముందు కలెట్ దులిపావా?

పీటల_కిట్టు
@రంపంపొడి మొదట నేనూ అదే అనుకున్నా. బిట్ మీద మార్కర్‌తో గీత పెట్టా, కదల్లేదు. పైగా పని అయ్యాక మొదట జీరో తీసుకున్న చోటికే వెళ్ళి మళ్ళీ కాగితం పెట్టి చూస్తే, స్క్రీన్ మీద జెడ్ 2.7 అన్నప్పుడు బిట్ చెక్కకు తగిలింది. అంటే మెషినే తన స్థానం మర్చిపోయింది.

జీరో_జిట్టర్
లేటెన్సీ, అంటే పీసీ వేళకి స్పందించకపోవడం. కళ్ళు మూసుకుని చెప్తా. పాత పీసీ, దాని మీద ప్రీఎంప్ట్ ఆర్‌టీ కర్నెల్. లేటెన్సీ టెస్ట్ పెట్టి, నాలుగు జీఎల్‌ఎక్స్‌గేర్స్ (తిరిగే చక్రాల బొమ్మ) కిటికీలు తెరిచి, పెద్ద ఫైళ్ళు కాపీ చేస్తూ ఒక గంట వదిలెయ్. బయోస్‌లో పవర్ ఆదా చేసే సీ స్టేట్స్, స్పీడ్‌స్టెప్ ఆపు. బూట్ లైన్‌లో ఐసోల్‌సీపీయూస్ పెట్టి ఒక కోర్ మెషిన్‌కే వదులు. ఇవన్నీ చేశాక మాట్లాడదాం.

గిర్బిల్_గిరి
ఎందుకు బాబూ ఈ పాట్లు. ఆర్డుయినో ఊనో ఒకటి, దాంట్లో మోటార్లు నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాం ఎక్కించు, పీసీ బరువు దిగిపోతుంది. ప్యారలల్ పోర్టు పట్టుకుని వేలాడేవాళ్ళు ఇంకా ఉన్నారంటే నాకు మ్యూజియం చూసినట్టు ఉంది.

జీరో_జిట్టర్
@గిర్బిల్_గిరి ఊనోలో జీఆర్‌బీఎల్‌కి సెకనుకు 30 వేల స్టెప్పులు (మోటారు వేసే చిన్న చిన్న అడుగులు) గరిష్ఠం. ఆ మ్యూజియం పీసీ కూడా దాదాపు అంతే ఇస్తుంది, పైగా హాల్‌లో (లైనక్స్‌సీఎన్‌సీ లోపలి వైరింగ్ లాంటిది) ఏది కావాలంటే అది కలుపుకోవచ్చు. ఈ గొడవ ఇక్కడ వద్దు, పోయినసారి మూడు పేజీలు కొట్టుకున్నాం.

హెచ్‌ఎమ్‌టీ_పాతకాపు
బాబూ కిట్టూ, కంప్యూటర్ జోలికి తర్వాత పోదువు. ముందు చేత్తో చూడు. మోటారుకూ స్క్రూకూ మధ్య కప్లింగ్ గ్రబ్ స్క్రూలు బిగువుగా ఉన్నాయా? షాఫ్ట్ మీద చదును ఉందా, గుండ్రం షాఫ్ట్ మీదే బిగించావా? జెడ్ అంటే స్పిండిల్ బరువంతా మోసేది. దిగేటప్పుడు సులువు, ఎక్కేటప్పుడు కష్టం. ప్రతిసారీ ఎక్కేటప్పుడు ఇంత జారితే నువ్వు చెప్పిన లెక్కే వస్తుంది, లోతు పెరుగుతూ పోతుంది. జాలహళ్ళిలో ముప్ఫయి ఏళ్ళు చేశాను. పది కేసుల్లో ఎనిమిది బోల్టు దగ్గరే తేలేవి.

నెల్లూరు_నెమా
పెద్దాయన చెప్పిన బరువు సంగతికి నాదీ ఓటు. కప్లింగ్ జారకపోయినా మోటారే ఎక్కేటప్పుడు స్టెప్పులు మిస్ అవ్వొచ్చు. జెడ్ యాక్సిలరేషన్ సగానికి తగ్గించు, రాపిడ్ (కోయకుండా కదిలే) స్పీడ్ కూడా. డ్రైవర్ మీద కరెంటు స్విచ్‌లు ఎంతకి పెట్టావ్?

స్పిండిల్_శీను
ఇందులోనే అడుగుతున్నా ఏమనుకోకండి. నా దాంట్లో స్పిండిల్ ఆన్ చేయగానే లిమిట్ స్విచ్ కొట్టినట్టు చూపించి మెషిన్ ఆగిపోతోంది. స్విచ్‌కి ఎవరూ తగల్లేదు. వీఎఫ్‌డీ (స్పిండిల్ స్పీడ్ కంట్రోలర్) ఆఫ్‌లో ఉంటే ఏ సమస్యా లేదు.

సర్క్యూట్_సుబ్బులు
@స్పిండిల్_శీను మోటారు కేబుల్ షీల్డ్ ఉన్నది వాడండి, షీల్డ్ వీఎఫ్‌డీ వైపు ఎర్త్ చేయండి. లిమిట్ వైర్లు దాని పక్కన పోనివ్వకండి. స్విచ్‌లు ఎన్‌సీగా (మామూలుగా మూసి ఉండే రకం) మార్చండి. హాల్‌లో డీబౌన్స్ (క్షణకాలపు మిణుకులు వదిలేసేది) పెట్టండి. మిగతాది వేరే చర్చలో.

పీటల_కిట్టు
అందరికీ ఒకేసారి.

పాతకాపు సార్, మీ మాట నిజమే, కప్లింగ్‌లో ఒక గ్రబ్ స్క్రూ వదులుగా ఉంది. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. బిగించి, లాక్‌టైట్ వేసి, పనికిరాని ప్లైవుడ్ మీద మళ్ళీ 441 కొట్టించా. మొదటిది 3.0, చివరిది 5.7. మళ్ళీ అంతే.

@నెల్లూరు_నెమా యాక్సిలరేషన్ సగం చేశా, రాపిడ్ సగం చేశా, కరెంటు ఒక మెట్టు పెంచా. గంటన్నర పట్టింది. చివరిది 5.7.

@జీరో_జిట్టర్ బయోస్‌లో అన్నీ ఆపాను. మ్యాక్స్ జిట్టర్ (పీసీ వేళ తప్పిన గరిష్ఠం) 22 వేల నానోసెకండ్లు. బేస్ పీరియడ్ 32000. అన్‌ఎక్స్‌పెక్టెడ్ రియల్‌టైమ్ డిలే అన్న మెసేజ్ ఒక్కసారి కూడా రాలేదు.

ఇంకో సంగతి, రాత్రి తొమ్మిదిన్నరకి ఓనరాంటీ పైనుంచి దిగి వచ్చి ఏమప్పా, ఇల్లు తవ్వుతున్నావా అని అడిగింది. ఇక నుంచి రాత్రి కటింగ్ బంద్.

రంపంపొడి
మూడుసార్లూ 5.7 ఏనా? వణుకుతున్న చేత్తో మూడుసార్లు ఒకే సంతకం పెట్టినట్టుంది.

హెచ్‌ఎమ్‌టీ_పాతకాపు
రంపంపొడి అన్నది గమనించండి. జారుడు అయితే ప్రతిసారీ ఒకేలా జారదు. నేను బోల్టు అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. వదులు స్క్రూ దొరకడం మంచిదే, కానీ దొంగ అది కాదు.

సర్క్యూట్_సుబ్బులు
అదే నేనూ రాయబోతున్నా. కిట్టు గారూ, మీరు చేసిన పరీక్షల్లో అన్నిటికంటే విలువైనది మీరు విసుగ్గా రాసిన వాక్యం. యాక్సిలరేషన్ సగం చేసినా, కరెంటు పెంచినా అదే 5.7. మోటారు బలం చాలక స్టెప్పులు పోతుంటే యాక్సిలరేషన్ తగ్గించగానే లెక్క మారాలి. నాయిస్ అయితే ఒకసారి 4, ఒకసారి 7 రావాలి. లేటెన్సీ అయినా అంతే. అచ్చుగుద్దినట్టు ఒకే తప్పు వస్తోందంటే అది యాదృచ్ఛికం కాదు, ఏదో ఒకటి లెక్కపెట్టుకుంటూ తప్పు చేస్తోంది.

రెండు విషయాలు కావాలి. ఒకటి, డ్రైవర్ మీద మైక్రోస్టెప్ (ఒక అడుగుని ఎన్ని ముక్కలు చేస్తోందో) ఎంత, జెడ్‌కి మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులు? రెండు, స్పిండిల్ ఆపేసి, గాల్లోనే, బిట్ కింద డయల్ గేజ్ (సన్నటి కదలిక కూడా ముల్లుతో చూపే మీటరు) పెట్టి 100 రంధ్రాలు జీ81తో, తర్వాత అదే 100 రంధ్రాలు జీ83 పెక్ డ్రిల్లింగ్‌తో (విడతలుగా దిగి ఎక్కేది) చేయించండి. జీ83లో ప్రతి రంధ్రానికీ రెండు విడతలు పడేలా క్యూ (ఒక విడత లోతు) పెట్టండి. రెండింట్లో ఎంత జరిగిందో రాయండి. గాల్లో కాబట్టి శబ్దం కూడా ఉండదు, ఆంటీ నిద్రపోవచ్చు.

నెల్లూరు_నెమా
డయల్ గేజ్ ఉందా మనవాడి దగ్గర?

పీటల_కిట్టు
లేదు. మా ఆఫీసులో ఒకాయన ఇచ్చాడు, మ్యాగ్నెట్ స్టాండుతో సహా. అల్యూమినియం బెడ్‌కి మ్యాగ్నెట్ అంటుకోదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. రోటీ పెనం మీద అంటించి, పెనాన్ని క్లాంపుతో బిగించా. నవ్వకండి.

మైక్రోస్టెప్ ఎనిమిదో వంతు. మోటారు ఒక చుట్టుకి 200 × 8 = 1600 స్టెప్పులు, చుట్టుకి స్క్రూ జరిపేది 5 మి.మీ., కాబట్టి మి.మీ.కి 320 స్టెప్పులు.

జీ81, వంద రంధ్రాలు: గేజ్ మీద 0.62, కిందికి.
జీ83, క్యూ 2, ఆర్ (దిగడం మొదలయ్యే ఎత్తు) నుంచి అడుగు దాకా 4 మి.మీ., అంటే రెండు విడతలు. వంద రంధ్రాలు: 1.25, కిందికే.

రెండు రెట్లు! దీనర్థం ఏంటో నాకు తెలీదు గానీ ఏదో ఉందని మాత్రం అనిపిస్తోంది.

సర్క్యూట్_సుబ్బులు
ఉంది. 0.62 ని వందతో భాగించండి. ఒక్కసారి దిగి ఎక్కితే 0.0062 మి.మీ. మీ ఒక స్టెప్పు ఎంత? 1/320, అంటే 0.003125. రెండు స్టెప్పులు 0.00625. జీ83లో రెండు వందల సార్లు దిగి ఎక్కింది, 200 × 0.00625 = 1.25, అక్షరాలా. మీ పీట చూడండి. చివరి చుక్కకి ముందు 440 సార్లు దిగి ఎక్కింది. 440 × 0.00625 = 2.75. మీరు వెర్నియర్‌తో 2.7 కొలిచారు.

దూరంతో సంబంధం లేదు, బరువుతో లేదు, వేగంతో లేదు. ఎన్నిసార్లు దిశ మారిందో దానితోనే సంబంధం. ఇది డైరెక్షన్ సిగ్నల్ ఆలస్యం.

జరిగేది ఇది. డ్రైవర్‌కి రెండు తీగలు వెళ్తాయి, ఒకటి స్టెప్, ఒకటి డైరెక్షన్. పైకి వెళ్ళాలంటే కంప్యూటర్ ముందు డైరెక్షన్ తీగ మార్చి, ఆ తర్వాత స్టెప్పులు పంపుతుంది. డైరెక్షన్ మారిన కబురు డ్రైవర్‌కి ఆలస్యంగా అందితే, మొదటి స్టెప్పు వచ్చేసరికి డ్రైవర్ ఇంకా కిందికే అనుకుంటోంది. ఆ ఒక్క స్టెప్పు కిందికి వేస్తుంది. పైకి ఒకటి వేయాల్సింది కిందికి ఒకటి వేసింది, తేడా రెండు. అందుకే ప్రతిసారీ కచ్చితంగా రెండు.

జీరో_జిట్టర్
@సర్క్యూట్_సుబ్బులు లెక్క అందంగా ఉంది గానీ ఒక చోట ఒప్పుకోను. పైకి తిరిగేటప్పుడు ఒక స్టెప్పు తప్పితే, కిందికి తిరిగేటప్పుడు కూడా ఒకటి తప్పాలిగా? అక్కడ మైనస్ రెండు, ఇక్కడ ప్లస్ రెండు. మొత్తం సున్నా. లోతు ఎందుకు పెరుగుతుంది?

సర్క్యూట్_సుబ్బులు
మంచి ప్రశ్న. రెండు వైపులా ఒకే ఆలస్యం అయితే మీరన్నట్టే సున్నా అవుతుంది. కానీ డ్రైవర్ లోపల ఆప్టోకప్లర్, అంటే సిగ్నల్‌ని వెలుగుగా దాటించే చిప్పు ఉంటుంది. మామూలు రకం ఆప్టో వెలగడం త్వరగా వెలుగుతుంది, ఆరడం మెల్లగా ఆరుతుంది. మన ట్యూబ్‌లైటుకి తలకిందులు. దాని వెనక పెట్టిన రెసిస్టర్ పెద్దదైతే ఆరడం ఇంకా ఆలస్యం, పదుల మైక్రోసెకండ్లు దాటుతుంది. అందుకే ఒక దిశకి తిరిగినప్పుడు కబురు వేళకి అందుతుంది, రెండో దిశకి అందదు. కిట్టు గారి వైరింగులో ఆ అందని దిశ పైకి.

జీరో_జిట్టర్
అలా అయితే నిరూపించడం తేలిక. జెడ్ మోటారు ఒక కాయిల్ తీగలు రెండూ అటుదిటు చేసి, స్టెప్‌కాన్ఫ్‌లో (లైనక్స్‌సీఎన్‌సీ సెట్టింగులు రాసే ప్రోగ్రాం) జెడ్ డైరెక్షన్ ఇన్వర్ట్ టిక్ కొట్టు. మెషిన్ మామూలుగానే నడుస్తుంది, కానీ ఆప్టో ఇప్పుడు అటువైపు ఆలస్యం చేయాలి. సుబ్బులు గారి మాట నిజమైతే రంధ్రాలు పైకి జరగాలి. తీగలు పీకేముందు పవర్ తీసేయ్, నడుస్తుండగా పీకితే డ్రైవర్ ఆవిరే.

గిర్బిల్_గిరి
ఇది పరీక్ష అంటే. లేటెన్సీ అని కళ్ళు మూసుకుని చెప్పినాయన కళ్ళు తెరిచాడు.

జీరో_జిట్టర్
తెరిచాను, నువ్వు కనపడ్డావ్.

పీటల_కిట్టు
చేశాను. వంద రంధ్రాలు జీ81. గేజ్ 0.63. పైకి!

ఇంట్లో గంతులేస్తే మా ఆవిడ ఉద్యోగం ఏమైనా వచ్చిందా అని అడిగింది.

సరే ఇప్పుడు మందేంటి? స్టెప్‌కాన్ఫ్‌లో డైరెక్షన్ సెటప్ (దిశ మార్చాక స్టెప్ పంపే ముందు ఆగే సమయం) అని ఒక గడి కనపడింది, అందులో 5000 నానోసెకండ్లు ఉంది. ఎవరిదో వేరే డ్రైవర్ సెట్టింగ్ చూసి కొట్టిందే. దాన్ని 20000 చేసి చూస్తా.

పీటల_కిట్టు
20000 చేశా. 0.62. ఏం మారలేదు. అంటే ఇది కూడా కాదా? నాకిక ఓపిక లేదు. ముక్కలు చేత్తో దిగ్గొడతా.

తాడిపత్రి_టార్క్
చేత్తో 882 రంధ్రాలు. పెళ్ళి నీ కూతురిది అయ్యేసరికి పూర్తవుతాయి.

హాల్‌ఫైల్_హనుమ
ఆగు ఆగు. 5000కీ 20000కీ నీ మెషిన్‌లో తేడాయే లేదు.

నీ బేస్ పీరియడ్ 32000 నానోసెకండ్లు అన్నావ్. ప్యారలల్ పోర్టు మీద స్టెప్పులు పుట్టేది ఆ బేస్ థ్రెడ్‌లోనే. ప్రతి 32 మైక్రోసెకండ్లకి ఒకసారి లేచి తీగలు మారుస్తుంది, మధ్యలో ఏమీ చేయలేదు. డైరెక్షన్ సెటప్ నువ్వు ఎంత రాసినా స్టెప్‌జెన్ (స్టెప్పులు పుట్టించే భాగం) దాన్ని పైకి, పూర్తి పీరియడ్‌లకి సరిచేసుకుంటుంది. 5000 అంటే ఒక పీరియడ్, 20000 అన్నా ఒక పీరియడ్. రెండిట్లోనూ 32 మైక్రోసెకండ్లే దక్కింది, నీ ఆప్టోకి అది చాలట్లేదు. రూపాయికి తక్కువ చిల్లర లేని కొట్లో పది పైసలిచ్చినా డెబ్భై పైసలిచ్చినా ఒకటే.

100000 పెట్టు. 32తో భాగిస్తే మూడు పైచిలుకు, నాలుగు పీరియడ్‌లవుతుంది. 128 మైక్రోసెకండ్లు. డైరెక్షన్ హోల్డ్ కూడా అంతే పెట్టు, నష్టం లేదు. హాల్ ఫైల్‌లో చేత్తో మార్చకు, స్టెప్‌కాన్ఫ్ మళ్ళీ తెరిచి సేవ్ చేస్తే నువ్వు రాసింది చెరిగిపోతుంది. స్టెప్‌కాన్ఫ్ బేసిక్ ఇన్ఫర్మేషన్ పేజీలోనే మార్చు.

నెల్లూరు_నెమా
దానివల్ల స్పీడ్ తగ్గదా?

హాల్‌ఫైల్_హనుమ
దిశ మారినప్పుడు మాత్రమే ఆ ఆగుడు. 128 మైక్రోసెకండ్లు అంటే సెకనులో ఎనిమిది వేలో వంతు. నడుస్తున్నప్పుడు ఏమీ ఉండదు. జెడ్ తిరిగే చోట ఎలాగూ వేగం సున్నాకొచ్చి మళ్ళీ లేస్తుంది.

సర్క్యూట్_సుబ్బులు
హనుమ గారు చెప్పిన రౌండింగ్ నాకు తట్టలేదు. మేసా కార్డు వాడే అలవాటు, అందులో స్టెప్పులు కార్డు మీదే పుడతాయి, బేస్ థ్రెడ్డే ఉండదు, 20000 అంటే 20000. కిట్టు గారూ, ఆ పీరియడ్ లెక్క అడక్కుండా 20000 తో మిమ్మల్ని వదిలేయడం నా పొరపాటే.

పీటల_కిట్టు
100000. జీ81, వంద రంధ్రాలు.

గేజ్ ముల్లు సున్నా మీద.

మళ్ళీ చేశా, నాలుగు వందలు. సున్నా. సున్నా అంటే సున్నా కాదు, అర గీత అటు, అర గీత ఇటు ఊగుతోంది. అది పెనం ఊగడం అనుకుంటున్నా.

హెచ్‌ఎమ్‌టీ_పాతకాపు
శభాష్. ఇప్పుడు ఎక్స్ కూడా కొలువు.

పీటల_కిట్టు
ఎక్స్ ఎందుకు సార్, ఎక్స్ బాగానే ఉందిగా?

హెచ్‌ఎమ్‌టీ_పాతకాపు
మూడూ ఒకే డ్రైవర్లు అన్నావు కదా. ఒక కొమ్మకి పురుగు పడితే పక్క కొమ్మ చూడకుండా ఉంటామా? నీ ముగ్గులో ఎక్స్ ఎన్నిసార్లు వెనక్కి తిరిగింది? ఒక్కో వరుస ఎడమ నుంచి కుడికి కొట్టి మళ్ళీ మొదటికి వస్తే ఇరవై సార్లు. సుబ్బులమ్మ లెక్క ప్రకారం ఇరవై రెండ్లు నలభై స్టెప్పులు, అంటే 0.125. చెక్క మీద చుక్క అంత జరిగితే నీ కంటికి ఆనదు. అది సరిగ్గా ఉందని కాదు, నువ్వు చూడలేదని. ఎక్స్‌కి పాత 5000 పెట్టి, గేజ్ పక్కకి తిప్పి, నాలుగు వందల సార్లు అటూ ఇటూ పరిగెత్తించు.

పీటల_కిట్టు
ఎక్స్, పాత సెట్టింగ్, 400 సార్లు: 2.49 మి.మీ. కుడివైపుకి.
వై, పాత సెట్టింగ్, 400 సార్లు: 2.5.
రెండూ 100000తో: సున్నా.

సార్ కాళ్ళకి దండం. పోయిన సంక్రాంతికి నేమ్‌ప్లేట్ చెక్కినప్పుడు చివరి అక్షరం పక్కకి పోయింది. పాకెట్ (లోపల తవ్వే భాగం) అంతా అటూ ఇటూ వెళ్ళే దారి, వందల సార్లు తిరిగింది. అప్పుడు చెక్క కదిలిందని సరిపెట్టుకున్నా, క్లాంపుని తిట్టుకున్నా.

రంపంపొడి
క్లాంపుకి క్షమాపణ చెప్పు.

గిర్బిల్_గిరి
వెటకారం పక్కనపెట్టి ఒక మాట. పైన నేను ప్యారలల్ పోర్టుని ఎగతాళి చేశాను గానీ, ఇదే జబ్బు నాకు జీఆర్‌బీఎల్‌తో వచ్చింది, రెండేళ్ళు తెలీలేదు. అందులో డాలర్ సెట్టింగుల్లో దీనికి గడి లేదు. డాలర్ జీరో అనేది స్టెప్ పల్స్ వెడల్పు మాత్రమే, దాన్ని పెంచితే ఇది పోదు. కాన్ఫిగ్ ఫైల్‌లో స్టెప్ పల్స్ డిలే అని ఒక లైను కామెంట్‌లో ఉంటుంది. దాన్ని తెరిచి, మైక్రోసెకండ్ల అంకె వేసి, మళ్ళీ కంపైల్ చేసి ఎక్కించాలి. డైరెక్షన్ మారాక అంతసేపు ఆగి స్టెప్ పంపుతుంది. ఆ అంకె, పల్స్ వెడల్పు కలిపి 127 దాటకూడదు, మీ లాగ 128 అంటే కుదరదు. నా డ్రైవర్ అంత మొద్దుది కాదు కాబట్టి సరిపోయింది.

హాల్‌ఫైల్_హనుమ
గిరి నోటి నుంచి జీఆర్‌బీఎల్‌లో గడి లేదు అన్న మాట వచ్చింది. తేదీ రాసిపెట్టుకోండి.

స్పిండిల్_శీను
ఎన్‌సీగా మార్చి, తీగలు దూరం జరిపా, సగం తగ్గింది. షీల్డ్ కేబుల్ ఇంకా కొనలేదు.

సర్క్యూట్_సుబ్బులు
@స్పిండిల్_శీను కొనండి.

@పీటల_కిట్టు వీలైతే ఒక డ్రైవర్ మూత తీసి ఫొటో పెట్టండి. ప్లగ్గు పీకి పది నిమిషాలు ఆగాక, లోపల కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. స్టెప్, డైరెక్షన్, ఎనేబుల్ స్క్రూల వెనక ఉన్న మూడు చిప్పులూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి.

పీటల_కిట్టు
ఒకేలా లేవు. స్టెప్ వెనక ఎనిమిది కాళ్ళ చిప్పు, మీద 6ఎన్137 అని ఉంది. డైరెక్షన్, ఎనేబుల్ వెనక నాలుగు కాళ్ళవి చిన్నవి, వాటి మీద 817.

సర్క్యూట్_సుబ్బులు
అదీ సంగతి. 6ఎన్137 సెకనుకి కోటి బిట్ల వేగానికి చేసిన ఆప్టో. 817 మామూలు ఫోటోట్రాన్సిస్టర్ రకం, పవర్ సప్లైల్లో ఫీడ్‌బ్యాక్‌కి వాడేది. స్టెప్ వేగంగా రావాలి కాబట్టి అక్కడ ఖరీదైనది పెట్టి, డైరెక్షన్ ఎప్పుడో ఒకసారి మారేదేగా అని అక్కడ చవకది పెట్టారు. ఆలోచన తప్పేం కాదు, ఆగాల్సిన సమయం కాగితం మీద రాసి ఇస్తే. స్టెప్ గుర్రం మీద వస్తోంది, డైరెక్షన్ ఎద్దుబండి మీద వస్తోంది, రెండూ ఒకే గుమ్మం దగ్గర కలవాలి.

తాడిపత్రి_టార్క్
డ్రైవర్లు మార్చేయడం మేలు కదా? మంచివి నాలుగు వేలు పెడితే వస్తాయి.

నెల్లూరు_నెమా
పనిచేసేదాన్ని ఎందుకు మార్చడం? తీగలోంచి పోయేది 128 మైక్రోసెకండ్లు, జేబులోంచి పోయేది మూడు యాక్సిస్‌లకీ పన్నెండు వేలు.

హెచ్‌ఎమ్‌టీ_పాతకాపు
మార్చకు. కానీ డబ్బా మీద మార్కర్‌తో 100000 అని రాసి పెట్టు. రేపు నీ పీసీ పోయి కొత్తది పెట్టుకుంటే ఈ చర్చ అంతా మళ్ళీ వెతుక్కోలేవు.

పీటల_కిట్టు
రాశాను సార్, మూడింటి మీదా.

ఆదివారం పొద్దున పది నుంచి రెండో పీట కొట్టించా. 441. మొదటిది 3.0, మధ్యది 3.0, చివరిది 3.0. ఇత్తడి ముక్కలు వేలితో నొక్కితే సమంగా కూర్చున్నాయి. మొదటి పీట కూడా పారెయ్యలేదు. ఎంత లోతు తప్పిందో వరుస వారీగా తెలుసు కదా, ముక్కల్నే వరుసకి తగ్గట్టు పొడవుగా కోస్తున్నాం, ఒక వరుసకి 0.13 చొప్పున పెంచుకుంటూ. మా ఆవిడ హ్యాక్సా, నేను ఆకురాయి.

రంపంపొడి
అంటే 441 ముక్కలు, 21 సైజులు. వదినకి నా సానుభూతి.

అరమిల్లీ_అంజి
ఎప్పుడూ చదవడమే గానీ రాయను. ఇది చదివి ఊరుకోలేక నా మెషిన్ మీద వై యాక్సిస్ 400 సార్లు తిప్పా. 1.25 జరిగింది. నాది మి.మీ.కి 640 స్టెప్పులు. అంటే నాకూ రెండేనా?

హాల్‌ఫైల్_హనుమ
@అరమిల్లీ_అంజి 400 × 2 / 640 = 1.25. రెండే. బేస్ పీరియడ్ ఎంత?

అరమిల్లీ_అంజి
25000. మరి సెటప్ ఎంత పెట్టాలి?

హాల్‌ఫైల్_హనుమ
50000తో మొదలుపెట్టు, అది రెండు పీరియడ్‌లు. ముల్లు కదిలితే 75000. గేజ్ చూస్తూ పెంచు. పెనం ఉందా ఇంట్లో?